జాగ్రత్తగారింటి వేడినీళ్ళు

"వేడినీరు పౌరుడి హక్కు కాదు, బాధ్యత!"

ఉదయం ఏడు గంటలకు స్నానాలగది గుమ్మంలో, నడుముకి తువ్వాలూ నెత్తిమీద ఆవిరీ ధరించి, జాగ్రత్తగారు చేసిన ప్రకటన ఇది. ఆ బాధ్యతని అప్పటికే ఇరవై అయిదు నిమిషాలపాటు లోపల ఒక్కరే మోసి అలిసిపోయి వచ్చారు మరి!

ఆయన గృహభద్రతా శాఖలో ఉపసంచాలకులు. అసలు పేరేమిటో జీతం పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఫోనెత్తినా "జాగ్రత్త", పెట్టేసినా "జాగ్రత్త", ఎవరైనా తుమ్మినా "జాగ్రత్త" అంటారు గనక ఆఫీసు ఆఫీసంతా ఆయన్ని జాగ్రత్తగారనే పిలుస్తుంది. ఆ పిలుపు నిండా గౌరవమేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఇంతవరకూ ఎవరూ హాని తలపెట్టలేదు.

ఇంట్లో ఉన్నది యాభై లీటర్ల గీజరు. స్నానాలకి ఒక సీనియారిటీ జాబితా తలుపు వెనకాల అంటించి ఉంటుంది. మొదట ఆయన, తరవాత కొడుకు, తరవాత కూతురు, చివర భార్య. ఏడున్నర కొట్టగానే స్విచ్ కట్టెయ్యాలి. అది విద్యుత్ పొదుపు. భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. పదకొండేళ్ళుగా ఆవిడ వంతు వచ్చేసరికి గీజరు నిర్వికారంగా చన్నీళ్ళిస్తోంది. ఆవిడ కూడా అంతే నిర్వికారంగా రెండు చెంబులు పోసుకుని, పళ్ళు టకటకలాడించుకుంటూ బడికి పోతోంది.

అలా సాగిపోయేదే. మోకాలి ఆపరేషన్ అయిన అత్తగారు వచ్చి చేరడంతో చిక్కొచ్చిపడింది. గోరువెచ్చని నీళ్ళతోనే స్నానం చేయించాలని డాక్టరు చెప్పాడు. జాబితాలో ఆవిణ్ణి ఎక్కడ చేర్చాలన్నది రెండు రోజులు చర్చనీయాంశమైంది. చివరికి నాలుగో స్థానం ఇచ్చారు.

"నీకేం అన్యాయం జరగలేదోయ్," అన్నారు భార్యతో ఉదారంగా. "నీ స్థానం మారలేదు. అప్పుడూ చివరే, ఇప్పుడూ చివరే."

మూడో రోజు అత్తగారు దుప్పటి కప్పుకుని వణుకుతూ, "ఏం అల్లుడుగారూ, మీ ఇంట్లో నీళ్ళకి కూడా నేనొచ్చిన సంబరం చల్లారిపోయిందా?" అంది.

జాగ్రత్తగారు నీళ్ళు నమిలారు. అవీ చన్నీళ్ళే.

ఆ సాయంత్రమే టీచరమ్మ ప్లంబరుకి ఫోన్ చేసింది. చేతిలో పానా లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు గనక వీధిలో అందరూ పానా పెద్దాయన అంటారు. గీజరు అడుగు విప్పి, దోసెడు తెల్లటి మడ్డి తీసి చూపించాడు.

"అమ్మా, మీ ట్యాంకులో నీళ్ళకంటే సున్నమే హాయిగా కాపురముంటోంది. ఇది కడిగేస్తాను. సరేగానీ, ఈ చిన్న గొట్టానికి గుడ్డ కుక్కిందెవరు?"

"చుక్కలు పడుతున్నాయి," అన్నారు జాగ్రత్తగారు. "ఆ చప్పుడుకి ఉపన్యాసం సాధన చేసుకోవడం కుదరడం లేదు."

"సార్, లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోయే దారండీ అది! దాన్ని మూసేస్తే ట్యాంకు బాంబులా పేలుతుంది. మీరేం ఉద్యోగం చేస్తారు సార్?"

జాగ్రత్తగారు కిటికీలోంచి బయటికి చూశారు. బయట ప్రత్యేకంగా ఏమీ లేదు.

పెద్దాయన గుడ్డ పీకి పారేసి, టీచరమ్మ వైపు తిరిగాడు. "మీది నలభై అయిదు డిగ్రీల్లో ఉందమ్మా. అరవైకి పెంచితే ఇదే ట్యాంకు అందరికీ సరిపోతుంది. ఎక్కువ చన్నీళ్ళు కలుపుకోవచ్చు కదా! అయితే మిక్సింగ్ వాల్వు పెట్టించకుండా మాత్రం వేడి పెంచే మరమీద చెయ్యి పెట్టొద్దు. అరవై డిగ్రీల నీళ్ళు నాలుగైదు క్షణాల్లో తోలు ఊడదీస్తాయి. వాల్వు ఉంటే చన్నీళ్ళు అదే కలిపి, కుళాయికి నలభై అయిదు దాటనివ్వదు."

టీచరమ్మ అప్పటికే ప్రశ్నపత్రం వెనక లెక్క వేసేసింది. "చన్నీళ్ళు ఇరవై డిగ్రీలు, స్నానానికి నలభై చాలు. ఇప్పుడు అరవై రెండు లీటర్లే వస్తున్నాయి. అరవైలో పెడితే వంద. అయిదుగురికి తలా ఇరవై. శేషం సున్నా!" ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ప్రతిపాదన ఆసక్తికరంగానే ఉంది," అన్నారు జాగ్రత్తగారు. "పరిశీలిద్దాం."

"ఇంకా ఏం పరిశీలిస్తారండీ?"

"ముందు ఆవశ్యకత. పిమ్మట మూడు కొటేషన్లు. పిమ్మట సాంకేతిక అభిప్రాయం."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. "గృహభద్రతకు నూట పదకొండు సూత్రాలు. మీ శాఖదే. అట్టమీద మీ ఫొటో కూడా ఉంది. నలభై ఏడో సూత్రం వినండి. 'ప్రతి గృహమునందు ఉష్ణజల మిశ్రమ కవాటము విధిగా అమర్చుకొనవలెను.' కవాటమంటే ఈ వాల్వే కదూ?"

"అది ప్రజలకోసం రాసింది!" అన్నారు ఆయన విసుగ్గా. "మనం ప్రజలమా?"

పానా పెద్దాయన పానా సంచిలో వేసుకుని చల్లగా జారుకున్నాడు.

అయితే 'వంద లీటర్లు' అన్న మాట జాగ్రత్తగారి చెవిలో పడింది. 'వాల్వు' అన్న మాట రెండో చెవిలోంచి పోయింది. సోమవారం తెల్లవారగానే ఆయన స్టూలెక్కి, గీజరు మరను చివరికంటా తిప్పేశారు. తన బకెట్టులో తను చన్నీళ్ళు కలుపుకుని, దివ్యంగా నలభై నిమిషాలు స్నానం చేసి, అపాయ నివారణ సదస్సుకి వెళ్ళిపోయారు. ఆ హడావిడిలో స్విచ్ కట్టించడం మరిచిపోయారు, మర తిప్పిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

పిల్లలిద్దరూ చన్నీళ్ళకి భయపడి ఆరోజు స్నానం ఎగ్గొట్టి కాలేజీకి పారిపోయారు. టీచరమ్మ తల్లిని నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఎప్పటిలాగే చల్లగా వస్తాయనుకుని, కుళాయి తిప్పి చెయ్యి పెట్టింది.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆవిడ వంతుకి వేడినీళ్ళు అందాయి!

కేక విని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. చేతిమీద చన్నీళ్ళు ధారగా వదిలి, ఇరవై నిమిషాలు అలాగే ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుడిచేతికి మణికట్టుదాకా కట్టు కట్టి పంపించారు. అత్తగారు మాత్రం సాయంత్రందాకా, "ఆ నీళ్ళు ముందు నా మీద పడుంటే కదల్లేను కూడా, లేవలేను కూడా," అని మళ్ళీ మళ్ళీ అనుకుంటూనే ఉంది.

సదస్సు నుంచి వచ్చి ఆ కట్టు చూడగానే జాగ్రత్తగారి గుండె కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమంది. 'నేనే తిప్పాను' అన్న మాట గొంతుదాకా వచ్చింది. కానీ ముప్పై ఏళ్ళ సర్వీసు ఊరుకుంటుందా? ఆ మాటని అక్కడే ఆపి, వెంటనే విచారణ ప్రకటించింది! రాత్రి భోజనాలకి ముందే నివేదిక తయారైంది. విచారణాధికారి ఆయనే, సాక్షి ఆయనే, టైపు చేసిందీ ఆయనే.

"ప్రమాద కారణం," అని చదివారు గంభీరంగా. "బాధితురాలు నీటిని పరీక్షించకుండా తాకుట."

"పరీక్షించడానికే తాకానండీ!"

"అదే నేననేది! పరీక్షించే ముందు పరీక్షించాలి."

టీచరమ్మ స్నానాలగదిలో ఇంకా గీజరు కిందే ఉన్న స్టూలు వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసింది. ఆ మౌనాన్ని ఆయన అంగీకారం కింద నమోదు చేసుకున్నారు.

బుధవారం శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. 'ఆదర్శ భద్రతా గృహం' పురస్కారానికి జాగ్రత్తగారిల్లు పరిశీలనలో ఉందట! శనివారం పెద్ద డైరెక్టరుగారే ఇద్దరు సభ్యులతో వస్తారట! ఇంకేముంది? ఆవశ్యకత అరక్షణంలో తేలిపోయింది. మూడు కొటేషన్లు ఎటుపోయాయో తెలీదు. గురువారం మధ్యాహ్నానికల్లా పానా పెద్దాయన వాల్వు బిగించి, ట్యాంకు అరవైలో పెట్టి, కుళాయి కింద థర్మామీటరు పట్టి నలభై అయిదు చూపించాడు. గంటన్నర పని. దానికి పదకొండేళ్ళు పట్టింది!

శనివారం పానా పెద్దాయన్ని ఇస్త్రీ చొక్కాలో రమ్మన్నారు, ఎక్కడైనా కారితే చూసుకోవడానికి. "మా సాంకేతిక సలహాదారు," అని పరిచయం కూడా చేశారు. ఆ మాటకి పెద్దాయన వెనక్కి తిరిగి ఎవరా అని చూశాడు.

"ఇది మిశ్రమ కవాటం," అని జాగ్రత్తగారు వాల్వుని సొంతబిడ్డలా నిమిరారు. "మా ఇంట ఇది లేనిదే చుక్క నీరు ముట్టం!"

"శభాష్," అన్నారు డైరెక్టరుగారు. అంతలో ఆయన చూపు టీచరమ్మ చేతిమీద పడింది. "ఆ కట్టేమిటమ్మా?"

"వంటింట్లో నూనె చిందింది సార్," అని జాగ్రత్తగారే అందుకున్నారు.

"ఆడవాళ్ళు జాగ్రత్తగా ఉండాలమ్మా," అన్నారు డైరెక్టరుగారు.

"ఉండాల్సిందే సార్," అంది టీచరమ్మ. "ఎవరితో ఉంటున్నామో చూసుకోవాలి కూడా."

అతిథులని సాగనంపడానికి జాగ్రత్తగారు మెట్లదాకా వెళ్ళేసరికి, డైరెక్టరుగారు పానా పెద్దాయన్ని గోడవారకి లాక్కెళ్ళి చెవిలో ఊదుతున్నారు. "ఆ కవాటం... మా ఇంట్లో కూడా ఒకటి... రేపు రాగలవా? వెనక గుమ్మంలోంచి రా. ఎవరైనా అడిగితే ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చానను." వెనకే సభ్యులిద్దరూ మెట్ల కటకటాల నాణ్యత పరిశీలిస్తూ తమ వంతు కోసం నిలబడ్డారు.

జాగ్రత్తగారి మనసు తేలికపడింది. తనొక్కడే కాదన్నమాట! ఏ పాపం చెయ్యనివాడికి కూడా అంత తేలిక దక్కదు.

వారం తిరిగేసరికి పానా పెద్దాయన కట్టు ఎలా ఉందో చూడ్డానికి వచ్చాడు. "పదకొండిళ్ళమ్మా ఈ వారం! అందరూ మీ సారు శాఖవాళ్ళే, అందరూ వెనక గుమ్మాలే. ఒక్క ఇంట్లో వాల్వు లేదు. ఏ ఇంట్లో అడిగినా ఆఖరి స్నానం ఆడవాళ్ళదే." టీచరమ్మ విని, తలూపి, టీ ఇచ్చింది.

మర్నాడు జాగ్రత్తగారు ఒక ఫారం తెచ్చారు. పురస్కారానికి ముందు ఇంటి ఇల్లాలు స్వదస్తూరీతో నింపి, గోప్యంగా సీలు వేసి పంపాలట. భర్తల ప్రభావం పడకూడదని ఆ నిబంధన రాసింది కూడా ఆయనే.

"మొదటి గడిలో 'లేవు' అని రాయి. చివరి గడిలో 'వర్తించదు' అను," అని ప్రభావం పడకుండా చెప్పారు.

"కుడిచెయ్యి కట్టులో ఉంది కదండీ."

"ఎడంచేత్తో గీకెయ్యి. ఎంత వంకరగా ఉన్నా పరవాలేదు. మా ఆఫీసులో ఎవరు చదువుతారు గనక?"

"అలాగే," అంది ఆవిడ. తలుపు వేసుకుని, గంటసేపు ఎడంచేత్తో అక్షరాలు దిద్ది, కవరుకి సీలు వేసింది.

సభ ఘనంగా జరిగింది. ముందు వరసల్లో అధికారులు, వెనక వరసల్లో వాళ్ళ భార్యలు. జాగ్రత్తగారు వేదిక మీద చేతులు కట్టుకుని వినయం ప్రదర్శిస్తున్నారు. ఆఫీసులో నిజంగానే ఎవరూ చదవలేదు. వ్యాఖ్యాత అందులో ప్రశంసాపత్రం ఉందనుకుని కవరు అప్పుడే చించి, రోజూ ఉత్తర్వులు చదివే గొంతుతో గబగబా చదివేశాడు.

"ఈ ఏడాది ఇంట్లో జరిగిన ప్రమాదాలు, ఒకటి. గాయపడినవారు, నేను. ప్రమాదానికి మూలమైన గృహోపకరణం, మా ఆయన."

అలవాటు ప్రకారం డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి ముందు వరసలన్నీ కొట్టాయి. వినయంలో మునిగి ఏం చదివారో చెవిన పెట్టని జాగ్రత్తగారు ఆ మోతకి నడుం వంచి నమస్కారం పెట్టారు.

వెనక వరసల్లో ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఇంకొకరు. క్షణంలో వెనక సగం సభంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వుకి చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో డైరెక్టరుగారి భార్య లేచి నిలబడి, టీచరమ్మ కూర్చున్న వైపు తిరిగి గట్టిగా అడిగింది.

"అమ్మాయ్! ఆ ఉపకరణం మా ఇంట్లో కూడా ఉంది! దానికి పెట్టించే వాల్వు ఎక్కడ దొరుకుతుందో కాస్త చెప్పు!"