సరళ టిక్కు తీయించిన విధము

స్వస్తి! రెండువేల ఎనిమిదవ సంవత్సరమున, ఎండలు ముదురుచున్న వేళ, భద్రాద్రి అడవులు మొదలై పాల్వంచ పొగగొట్టములు ఇంకను కనబడుచుండెడి చోట, ఒక ఉన్నత పాఠశాల గ్రంథాలయమున, ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ఎదుట, పగలు పదకొండు గంటలకు జరిగిన ఘోర సంగ్రామమును చెప్పెదను, చెవులప్పగించి వినుడు.

ఆ గ్రంథాలయాధిపతి వెంకటనారాయణ. ఇరువదియారు వత్సరములలో ఒక్క పుస్తకమైనను పోగొట్టుకొనని రిజిస్టరు ధురంధరుడు, లేదను మాటకు పెట్టనికోట. కంప్యూటరు టీచరు స్తుతి, పిల్లలకు పనికివచ్చు వెబ్ పేజీల లింకులన్నిటిని ఎక్కడనుండియైనను అందరును చూడగల బుక్‌మార్కుల జాబితాగా కూర్చి, ఆయన చేతిలో పెట్టెను. ఆ మహానుభావుడేమి చేసెను? లింకును పుస్తకమనుకొనెను. ఒకరు అడిగినచో చిరునామా చీటీపై వ్రాసి ఇచ్చి, ఆ లింకు ప్రక్కన ‘ప్రైవేటు’ అను గడిలో టిక్కు పెట్టి, చీటీ తిరిగివచ్చువరకు దానిని మరెవ్వరి కంటను పడనీయకుండెను.

అట్టి దుర్గముపైకి తండానుండి నాలుగు మైళ్ళు నడిచి దండెత్తినది సోమ్లా కూతురు సరళ. ఆదివారము పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష. కోచింగుకు పోలేని ఆ వీరనారికి పాత ప్రశ్నపత్రముల లింకొక్కటే ఆయుధము. దాని చీటీయో, తోటి విద్యార్థి సుకుమార్ జేబులో, బోనకల్ పెండ్లిలో ఉన్నది.

“సోమవారం రా బిడ్డా. సుకుమార్ పట్కపోయిండు.”

“పరీక్ష ఆదివారమే సార్.”

“అయితే ఏంజేస్త? ఇగో, నమ్మకపోతే సూడు, ఖాళీ ఉంటది” అని ఆ గ్రంథవీరుడు మౌసును గదవలె పట్టి లింకుపై మోదెను. కంప్యూటరు చాలసేపు గురకపెట్టెను. పిదప పది సంవత్సరముల ప్రశ్నపత్రములు, ఒక్కటియు చెక్కుచెదరక, తెరపై బారులు తీరి నిలిచెను.

“ఆడు పట్కపోయిండు గద. ఇది మల్ల ఈడెట్లున్నది?”

అంతట సరళ గంభీరస్వరమున ఇట్లనెను: “పట్కపోయింది చీటీ సార్. పేపర్లు యాడికీ పోలె. బోర్డు మీద రాసింది ఒకడు సూస్తే చెరిగిపోతదా? మా తండాల ముగ్గురం రాస్తున్నం. ముగ్గురం ఒక్కపారి సూసినా మీకేం తక్కువ కాదు.”

వెంకటనారాయణ తెరపైని పత్రముల బారును మరల చూచెను. ఒక్క నిఘంటువును మూడువందల మందికి పంచలేక వెనుకకు పంపిన పిల్లలందరును జ్ఞప్తికి వచ్చి, ఆయనకు నిజముగనే దుఃఖము కలిగెను.

“ఇన్నేండ్లు లేదనుడే నేర్చుకున్న బిడ్డా” అనెను. కళ్ళజోడు సవరించెను. గురిచూచి, ఒక్క వ్రేటున ఆ టిక్కును నేలగూల్చెను.

శనివారము వరకు సరళ అచటనే కూర్చుండి పత్రములన్నియు సాధించెను. ఆమె స్నేహితురాండ్రిద్దరు పాల్వంచ నెట్ సెంటరులో అదే లింకును అదే సమయమున తెరచిరి. ముగ్గురును పరీక్ష వ్రాసిరి.

అయినను పుట్టినబుద్ధి ఊరక పోవునా? సరళకిచ్చిన చీటీపై గడువు తేదీ ముద్ర పడనే పడెను. పదునాలుగవ దినమున ఆమె దానిని తిరిగి తెచ్చెను. వెంకటనారాయణ అంచులు నలిగినవేమోనని తిప్పి చూచి, పుచ్చుకొని, అలవాటు చొప్పున టిక్కు తీయబోయెను. తీయుటకు అచట టిక్కు లేదు. ఆ గడి ఖాళీగా ఉండెను, ఖాళీగానే ఉంచెను. విజయమనగా అదియే.