నొప్పి తెలియని వేట

ఆ శనివారం పొద్దున టెక్సాస్‌లోని కాపెల్ ఊరి మీద ఆకాశం కురుస్తానని గట్టిగా ఉరిమి, చుక్క రాల్చకుండా ఓక్లహామా వైపు వెళ్లిపోయింది. సరిగ్గా ఆ ఉరుముల మధ్యనే కాపెల్ తెలుగు సౌభ్రాత్ర సమితి అధ్యక్షులు చక్రపాణి గారు తమ గరాజ్‌లో మైకు పట్టుకుని చారిత్రక ప్రకటన చేశారు.

"ఈసారి మన వనభోజనాల్లో షాపు మటన్ ఉండదు. అడవి మేక ఉంటుంది. మనమే వేటాడతాం. అయితే మనం సంస్కారం ఉన్నవాళ్లం. మేకకి నొప్పి తెలియకూడదు. అందుకు తగిన తుపాకీ క్యాలిబర్, అంటే గొట్టం కొలత, ఏదో తేల్చడానికి కమిటీ వేస్తున్నాను."

గరాజ్ చప్పట్లతో దద్దరిల్లింది. వెనక కుర్చీలో ఉన్న రాఘవులు అందరూ ఆపాక కూడా కొట్టాడు. చక్రపాణి గారు సమితికి అధ్యక్షులే కాదు, రాఘవులుకి యజమాని కూడా. అతని హెచ్-వన్ వీసా ఆయన కంపెనీదే. గ్రీన్ కార్డ్ ఫైలు సంతకం కోసం ఆయన టేబుల్ మీద ఏడాదిగా పడుకుని ఉంది. వీసా గడువు మాత్రం పడుకోలేదు, నడిచొచ్చేస్తోంది.

"కన్వీనర్‌ రాఘవులు," అన్నారు చక్రపాణి గారు. "వేట సవ్యంగా జరిగితే సోమవారం నీ ఫైలు చూస్తానయ్యా."

రాఘవులు మేకల్ని చూశాడు గానీ తుపాకీని ఎప్పుడూ చేత్తో పట్టలేదు. కమిటీలో మిగతావాళ్ల అనుభవమూ అంతే. అందువల్ల చర్చ చాలా లోతుగా సాగింది.

సమితిలో రెండు వర్గాలు. నిరుడు విడిపోయాయి, ఈ ఏడు కలిశాయి. కలిసిన సంగతి రెండు వర్గాలకీ ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

"త్రీ నాట్ ఎయిట్ పెడదాం. దెబ్బ బరువుగా పడుతుంది. మేక ఆలోచించుకునే లోపలే పోతుంది," అన్నారు చక్రపాణి గారు.

"గంత బరువెందుకన్నా? అది మేకనా, దున్నపోతా?" అన్నాడు రెండో వర్గం నాయకుడు, ఉపాధ్యక్షుడు శశికాంత్. "టూ సెవెంటీ అయితే సీదా పోతది. మేకకు ఇజ్జత్ ఉంటది."

"అంటే మా త్రీ నాట్ ఎయిట్‌కి మర్యాద లేదంటావా?"

"నేనట్ల అన్ననా? మీరే అంటున్నరు."

ప్రచార కార్యదర్శి రాగిణి స్లైడ్లు వేసింది. వాటిలో మేక రెండు క్యాలిబర్లకీ నవ్వుతూనే ఉంది. వాట్సాప్‌లో పోల్ పెడితే ఓట్లు సమానంగా చీలాయి. చర్చ మేకను దాటి, జిల్లాలు దాటి, ఎవరి బిర్యానీ అసలైందో అన్నంత దూరం వెళ్లింది. శశికాంత్ గ్రూప్‌లోంచి లెఫ్ట్ అయ్యాడు. వెనకే ఇంకొందరు లేచారు.

వేట ఆగితే ఫైలూ ఆగుతుంది. రాఘవులుకి చెమటలు పట్టాయి. ఆ చెమటలోంచే అతనికి ఆలోచన పుట్టింది.

"అయ్యా, నాదో మనవి. తుపాకీ అధ్యక్షుల వారి క్యాలిబర్‌లో పెట్టుకుందాం. తూటాలు ఉపాధ్యక్షుల వారి క్యాలిబర్‌లో తెచ్చుకుందాం."

చక్రపాణి గారు లేచి రాఘవులుని కౌగిలించుకున్నారు. శశికాంత్ మళ్లీ గ్రూప్‌లో జాయిన్ అయ్యాడు. తీర్మానం ఏకగ్రీవం.

మరుసటి వారం అందరూ డేల్ అనే పెద్దాయన పశువుల రాంచ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లారు. అడవి మేకలు తన గడ్డంతా మేసేస్తున్నాయని ఆయన బాధ. తుపాకీకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కోశారు. డేల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"భుజానికి కాస్త వెనగ్గా కొట్టాలి. గుండె, ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి," అన్నాడు. "అక్కడ తగిలితే మీరన్న రెండిట్లో ఏదైనా సరిపోతుంది. ఇంతకీ మీలో ఎవరైనా ఇదివరకు కాల్చారా?"

"మంచి ప్రశ్న. మీటింగ్ మినిట్స్‌లో రాసుకుంటాం," అంది రాగిణి.

కాల్చేదెవరన్నది కమిటీ పరిధిలో లేదు. కాబట్టి చక్రపాణి గారే ఆ భారం మోశారు. మేక కూడా సహకరించింది. రాళ్ల మధ్యనుంచి వచ్చి, భుజం ఇటు తిప్పి నిలబడింది. శశికాంత్ రెండు చేతులతో తూటా అందించాడు. చక్రపాణి గారు దాన్ని తుపాకీలోకి తోశారు. తూటా పొడుగు ఎక్కువైంది. మళ్లీ తోశారు. తుపాకీ వెనక బోల్టు మూతపడలేదు. మేక విసుగొచ్చి నాలుగడుగులు ముందుకేసి, తుపాకీ దండలో పువ్వొకటి లాగి తింది.

డేల్ తుపాకీ తీసుకెళ్లి ట్రక్కులో పెట్టి తాళం వేశాడు.

చక్రపాణి గారు రాఘవులుని పక్కకి పిలిచారు. "ఏమయ్యా కన్వీనరూ, మేకకి నొప్పి తెలిసిందా?"

రాఘవులు మేక వైపు చూశాడు. అది రెండో పువ్వు నములుతోంది.

"లేదండి."

"కళ్లారా చూశావా?"

"చూశానండి. ఇసుమంత కూడా తెలియలేదు."

"ఆ మాటే అందరికీ చెప్పు. సోమవారం ఆఫీస్‌కి పెందలాడే రా."

రాగిణి పోస్ట్ పెట్టింది: 'మానవీయ వేట దిగ్విజయం. నొప్పి సున్నా.' కింద గ్రూప్ ఫోటో. వెనక నిలబడ్డ మేకని క్రాప్ చేసింది. శశికాంత్ ఆ పోస్ట్ కింద దండం ఎమోజీ పెట్టాడు. వచ్చే టర్మ్‌కి అధ్యక్షుడు అతనేనని చక్రపాణి గారు కారు చాటున చెప్పి అప్పటికి ఎంతోసేపు కాలేదు.

ఓక్ చెట్ల కింద బల్లలు వేశారు. పొద్దున వీళ్ల వెనకే బయల్దేరిన కేటరింగ్ వ్యాన్ తలుపు తెరుచుకుంది. 'అడవి మేక ఇగురు' అని అచ్చేసిన స్టిక్కర్లతో ట్రేలు దిగాయి, పొగలు కక్కుతూ. చక్రపాణి గారే గరిటె పట్టి వడ్డించారు. రాఘవులుకి కాలు వచ్చింది, శశికాంత్‌కి రెక్క.

రాఘవులు శశికాంత్ ప్లేటు చూశాడు. శశికాంత్ రాఘవులు ప్లేటు చూశాడు.

"ఎలా ఉందయ్యా మన మేక?" అన్నారు చక్రపాణి గారు.

"లేతగా ఉందండి," అన్నాడు రాఘవులు.

రెక్కల దగ్గర ఎముక సన్నగా ఉంటుంది కాబట్టి అందరూ తలలు వంచుకుని జాగ్రత్తగా నమిలారు.