ఇరవై మూడు సీసాల రోగి

ఆ రోజు చేయాల్సిన పని ఒక్కటే, అదీ సాయంత్రం అయిదులోపల. అరవై అయిదు దాటినవాళ్ళు మందుల బీమాకి ఏడాదికోసారి పేరు నమోదు చేసుకోవాలి, ఆ గడువు ఆ రోజుతో సరి. ఉదయం మందుల జాబితా రాసి, భోంచేసి, బీమా ఆఫీసుకి వెళ్ళి, మూడింటికల్లా తిరిగొచ్చి ఓ కునుకు తీయాలని స్టోర్సుగారు అనుకున్నారు. ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు స్టోర్ కీపరుగా చేసి రిటైరైన ఆయన్ని ఇరుగుపొరుగు ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

పోయినేడు జరిగిన పొరపాటు ఈసారి జరగకూడదని ఆయన పట్టుదల. ఈ బీమాలో ప్లాన్లు ఆరు. ఒక్కో ప్లానుకి ఒక్కో మందుల పట్టిక. మన మందు ఆ పట్టికలో ఉంటే బీమావాళ్ళు ఇస్తారు, లేకపోతే మన చేతి చమురు వదులుతుంది. పోయినేడు నలుగురూ బాగుందన్న ప్లాను తీసుకుంటే, తీరా చూస్తే భార్య ఆయాసానికి వాడే ఇన్‌హేలరు అందులో లేదు. రోజుకి రెండుసార్లు పీల్చమని డాక్టరు రాసిన మందుని ఆవిడ ఏడాది పొడుగునా రోజుకి ఒక్కసారే పీల్చి సరిపెట్టుకుంది. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించేది. ఆయన అది నమ్మినట్టు నటించేవారు.

"జాబితా నేను రాస్తాను. నువ్వు ఇందులో వేలు పెట్టకు" అన్నారాయన.

"రాసుకోండి. నా సీసాలు మాత్రం కిందా మీదా చేయకండి" అంది ఆవిడ కుట్టుమిషను ముందునుంచి.

స్టోర్సులో ఆయన నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. అర మీద ఏముంటే అది రాయాలి, చీటీ మీద ఎలా ఉంటే అలా రాయాలి, మూత మాత్రం తీయకూడదు. పడగ్గదిలోని అలమర ఆవిడ రాజ్యం. ఆయన దాని తలుపు తీసి పదేళ్ళు దాటింది. తీసి చూస్తే పై అరలో రెండు మందుల డబ్బాలు, రెండో అరలో ముదురు రంగు సీసాలు ఇరవై ఒకటి. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. హుక్కులకీ బొత్తాలకీ మందుల సీసాల్ని మించినవి లేవని ఆవిడ నమ్మకం. వీధిలో ఎవరింట్లో సీసా ఖాళీ అయినా కడిగి ఆవిడకే పంపుతారు. వాటి మీది చీటీలు ఆవిడ ఏనాడూ చదవలేదు.

ఆయన చదివారు. మందు పేరూ, కింద అది దేనికి వాడాలో కూడా ఉంది. మొదటి సీసా మూర్ఛకి. రెండోది క్షయకి. మూడోది గుండెదడకి. పన్నెండో సీసా దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచం మీద కూలబడ్డారు. రోజూ పొద్దున్న భార్య అరచేతిలో పెట్టిన మాత్రలు పేపరు చదువుతూ మింగేయడమే తప్ప, అవేమిటని ఆయన ఎప్పుడూ అడిగింది లేదు. అంటే తనకి ఇన్ని జబ్బులన్నమాట. ఆ సంగతి తన చెవిన పడకుండా ఆవిడ ఒక్కతే ఇన్నాళ్ళూ మోసుకొస్తోందన్నమాట. ఆయన కళ్ళు చెమర్చాయి. తనకి తెలిసిపోయిందని ఆవిడకి తెలియనివ్వకూడదని అక్కడే ఒట్టు పెట్టుకున్నారు.

ఇరవై మూడు మందులూ వరస నంబర్లతో, ఏ అరలో ఏ సీసాలో అన్న వివరంతో సహా రాశారు. ఇన్‌హేలరు ఎప్పటిలాగే ఆవిడ చేతిసంచీలో ఉంది. దాన్ని చివర్లో రాద్దామనే అనుకున్నారు. కానీ తనకి మూర్ఛ ఉందని అప్పుడే తెలిసిన మనిషికి ఇంకొకరి ఆయాసం ఏం గుర్తుంటుంది?

భోజనం దగ్గర ఆయన భార్య వంక చాలాసేపు చూసి, "నువ్వు చాలా మంచిదానివి" అన్నారు.

"ఏం, కూరలో ఉప్పెక్కువైందా?" అంది ఆవిడ.

బీమా ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పాడైంది. ఆయన ప్రతి మెట్టునీ గౌరవంగా ఎక్కి, కౌంటర్లోని క్లర్కమ్మాయికి జాబితా అందించారు. మొదటి పేజీ అయ్యేసరికి ఆ అమ్మాయి తల ఎత్తి చూసింది. రెండో పేజీ అయ్యేసరికి లేచి, మూలనున్న చక్రాల కుర్చీ తోసుకొచ్చింది.

"కూర్చోండి సార్. ఇంత ఒంట్లో బాగోకపోతే ఒక్కరే వచ్చారేంటి?"

"అలవాటైపోయిందమ్మా."

"ఈ పందొమ్మిదో మందు గర్భిణులకి ఇచ్చేదండీ."

"ఏం చేస్తాం? డాక్టర్లు ఆలోచించే రాస్తారు కదా" అన్నారాయన శాంతంగా.

"మరి ఫారంలో అమ్మగారి గడిలో ఏమీ రాయలేదే?"

"ఆవిడకేమమ్మా, రాయిలా ఉంటుంది. నా బరువంతా మోసేది ఆవిడే."

"మందులే లేకపోతే ఈ ఏడాదికి ఆవిడ పేరు అక్కర్లేదు సార్" అంటూ ఆ అమ్మాయి గీత గీసింది. కంప్యూటరు ఇరవై మూడు మందుల్నీ బేరీజు వేసి అయిదో ప్లాను చూపించింది. ఆయన సంతకం పెట్టేశారు.

పది మందులు దాటితే ఇంటికి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలన్నది ఆ ఆఫీసు నియమం. ఆ పని అక్కడి నర్సుది. అది అయ్యేదాకా ఆయన్ని కుర్చీలోనే ఉండమన్నారు.

"అమ్మా, మీవారికి మూర్ఛ ఎన్నాళ్ళనుంచి?" అంది నర్సు.

"మావారికా?"

"మీకు చెప్పలేదా? పోనీ, క్షయ సంగతైనా తెలుసా?"

నర్సు తొమ్మిదో మందు చదివేసరికి అవతల ఎవరూ లేరు. ఆవిడ అప్పటికే రెండో ఫోనులో కూతురితో మాట్లాడుతోంది. "మీ నాన్న భోజనం దగ్గర నన్ను మంచిదానివన్నారే. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు" అని ఏడ్చింది. లెక్కల టీచరుగా చేస్తున్న కూతురు పాఠం మధ్యలో వదిలేసి, చేతికి సుద్దపొడితోనే వచ్చింది. కింది వాటాలో ఉండే అంబులెన్సు డ్రైవరు ఆ ఏడుపు విని, "నా బండి ఉండగా వేరే బండెందుకు పిన్నిగారూ" అన్నాడు. సైరను వేయమని ఎవరూ అడగలేదు. ఖాళీగా వెళ్ళడం ఎందుకని అతనే వేశాడు.

అంబులెన్సుని చూసి బీమా ఆఫీసు గార్డు పైకి పరుగెత్తి, "ఇక్కడెవరికో ప్రాణం మీదికొచ్చిందట" అన్నాడు. వరసలో ఉన్న ముసలివాళ్ళంతా స్టోర్సుగారి వైపు తిరిగారు. ఒకాయన టోపీ తీశాడు. కూతుర్ని వెంటబెట్టుకుని స్టోర్సుగారి భార్య మూడు అంతస్తులూ ఎక్కడా ఆగకుండా, ఏ కిటికీలోంచీ చూడకుండా ఎక్కి వచ్చి, చక్రాల కుర్చీలో ఉన్న మొగుణ్ణి చూసి గుమ్మం పట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి దాచారండీ నా దగ్గర?"

"నేను దాచడమేంటి? దాచింది నువ్వు. నాకంతా తెలిసిపోయింది."

"ఎవరేం దాచారో తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితం ఇటివ్వండి" అని కూతురు క్లర్కమ్మాయి చేతిలోని జాబితా లాక్కుని చదివింది. "మూర్ఛ మందు. రెండో అర, ఎర్ర మూత సీసా."

"ఎర్ర మూతా? అందులో హుక్కులుంటాయి" అంది ఆవిడ.

"క్షయ మందు. పొడుగు సీసా."

"తెల్ల బొత్తాలు."

"గుండెదడ?"

"జిప్పులు."

"గర్భిణులది?"

"అది డ్రైవరు పెళ్ళాం ఇచ్చింది. ప్రెస్ బటన్లు పోశాను."

క్లర్కమ్మాయి కంప్యూటర్లో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. చివరికి మిగిలినవి పై అరలోని రెండు. ఒకటి బీపీకి, ఒకటి అరుగుదలకి. స్టోర్సుగారు బతికి బయటపడ్డందుకు సంతోషించారు గానీ, కాస్త చిన్నబోయారు కూడా.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు కాసేపటికి దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. బల్ల పట్టుకుని వంగి, సంచీలోంచి ఇన్‌హేలరు తీసి ఒకసారి పీల్చింది.

"ఇదేం మందండీ? జాబితాలో లేదే" అంది క్లర్కమ్మాయి.

స్టోర్సుగారి ముఖంలో కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు. ఆయన వచ్చిందే ఆ ఒక్క మందు కోసం. ఇంట్లో ఉన్న బొత్తాలన్నీ రాసి, ఆ ఒక్కటీ వదిలేశారు. భార్య పేరు మీద గీత పడుతుంటే ఎదురుగా కూర్చుని చూశారు. సిగ్గుతో తలెత్తలేకపోయారు. చక్రాల కుర్చీలోంచి లేచి, "ఆవిడ పేరు కొట్టేయకమ్మా. తప్పు నాది" అన్నారు.

గోడ గడియారంలో అయిదుకి పది నిమిషాలుంది. ఆ అమ్మాయి కొత్త ఫారం తీసి గబగబా నింపసాగింది. "అయిదో ప్లానులో ఇది లేదు సార్. అమ్మగారు ఇప్పుడు రాకపోతే మళ్ళీ ఏడాదిదాకా ఏమీ చేయలేకపోయేవాళ్ళం. రెండో ప్లానులో ఉంది. రోజుకి ఎన్నిసార్లమ్మా?"

"ఒకసారి" అంది ఆవిడ అలవాటుగా.

"రెండుసార్లు" అన్నారాయన. "డాక్టరు రెండు రాశాడు. ఒకటి మానేసి మిగుల్చుకుంటోంది. నేను చూస్తూనే ఉన్నాను."

ఆవిడ ఆయన పక్కనున్న కుర్చీలో కూర్చుని, చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కూతురు గోడ వైపు తిరిగి చేతుల సుద్దపొడి దులుపుకుంది. కంప్యూటరు రెండో ప్లానులో ఇద్దరి పేర్లనీ తీసుకునేసరికి అయిదుకి మూడు నిమిషాలు మిగిలాయి.

ఫారం చివర ఒక గడి ఖాళీగా ఉంది. ఇంట్లో మందుల లెక్క చూసేది ఎవరు అని దాని ప్రశ్న. స్టోర్సుగారు కలం అందుకుని, ఏమాత్రం తటపటాయించకుండా అందులో భార్య పేరు రాశారు. దాని కింద సంతకం చేసి, సంతకం కింద ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ, "స్వయంగా తనిఖీ చేశాను, అన్నీ సరిగా ఉన్నాయి" అని రాసి ఇచ్చారు.