ఇంటికీ ఇంటికీ మధ్య దూరం

"అమ్మో, ఇవాళ ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండు," అంది తల్లి, బిగించిన నీళ్ళ సీసా మూతనే మళ్ళీ బిగిస్తూ.

"ఏం జరుగుతుందమ్మా? పెద్దమ్మ వాళ్ళ సందుకే కదా వెళ్తున్నాం," అంది కూతురు చెప్పులు వెతుక్కుంటూ.

"అదే నా భయం. తెలియని చోటైతే మనుషులు కాస్త మర్యాదగా ఉంటారు."

ఆమె నోట ఏ మాటైనా అమ్మోతోనే మొదలవుతుంది కాబట్టి, వెనకాల అందరూ ఆమెను అమ్మోగారనే పిలుస్తారు. గ్యాస్ బండ వస్తే పేలుతుందేమోనని, రాకపోతే పొయ్యి ఆగిపోతుందేమోనని భయపడే మనిషి. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత చదివినదంతా మందు సీసాల వెనక ఉండే హెచ్చరికలూ, పేపర్లో ప్రమాద వార్తలూ. కూతురు డిగ్రీలో సోషియాలజీ తీసుకున్నానని చెప్పినప్పుడు అదేదో జబ్బు పేరనుకుని ఒక పూట తిండి మానేసింది.

"ఇంతకీ అక్కడ ఏం చేస్తారే?"

"సర్వే అమ్మా. ఇంటికీ ఇంటికీ మధ్య దూరం ఎంతుందో కొలవాలి. ఆ తర్వాత ఆ వీధికి పనికొచ్చే పని ఏదైనా చేసి చూపించాలి. దానికే మార్కులు. వస్తా!"

కూతురు చెప్పింది పక్కింటివాళ్ళతో మాటామంతీ గురించి, కష్టం వస్తే ఎవరు ఎవరి తలుపు తడతారన్న దాని గురించి. అమ్మోగారికి మాత్రం టేపు పట్టుకుని గోడకూ గోడకూ మధ్య వంగి కొలుస్తున్న కూతురూ, ఆ కూతురి మీదికి దూకుతున్న కుక్కా కనిపించాయి. వెంటనే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, కంగారు పడకు."

అమ్మోగారు కంగారు పడకు అన్నదంటే పడమనే. అక్క అప్పుడే పడింది.

"ఏమైందే? పిల్ల బాగానే ఉందా?"

"బాగానే ఉంది. మీ సందులోకి సర్వేకొస్తోంది. ఇంటికీ ఇంటికీ మధ్య దూరం కొలుస్తారట. ఎండలో తిరుగుతుంది, కాసిన్ని మంచినీళ్ళివ్వు. కుక్కల్ని కాస్త చూసుకో."

"కుక్కల సంగతి అటుంచు. దూరం కొలవడమేమిటి? ఎందుకట?"

"ఏమో. కొలిచాక ఏదో పని చేసి చూపిస్తారట."

"రోడ్డు వెడల్పు చేసే పనా?"

"అమ్మో! అంత మాటనేశావేమిటే అక్కా! అయినా అయి ఉంటుంది."

కాదని చెప్పడానికి అమ్మోగారికి చదువు చాలదు. అవునేమోనని భయపడటానికి చదువు అక్కర్లేదు.

అక్క భయానికి కారణం ఇంటి ముందే ఉంది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి ఆమె. ఏళ్ళ తరబడి సందు చివర ఉన్న ఉమ్మడి బాత్రూమ్‌కి గోడ పట్టుకుని నడిచి, నడిచి, ఈమధ్యనే గుమ్మం పక్కన సొంత బాత్రూమ్ కట్టించుకుంది. లోపల చోటు చాలక అది సందులోకి ఒక అడుగు ముందుకొచ్చింది. ఆ సందులో ముందుకు రాని ఇల్లు లేదు. ఒకరి మెట్టు, ఒకరి అరుగు, ఒకరి రేకు. అందరూ వచ్చారు కాబట్టి ఎవరూ వచ్చినట్టు కాదు.

అక్క వెళ్ళి ఎదురింటి కుట్టుమిషనావిడకు చెప్పింది. ఆవిడ నోట్లో కాలేజీ పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆవిడ చెప్పగా విన్న ఇస్త్రీ ఆయన నోట్లో ఇంజనీర్ల వెనకాల కూల్చే మిషను కూడా బయల్దేరింది. అప్పుడు సందులో తెలివైనవాడని పేరున్న రిటైరైన గుమాస్తా గడ్డం నిమురుకుంటూ బయటికొచ్చాడు.

"వాళ్ళొచ్చేలోపు మనంతట మనమే తీసేసుకుంటే ఇంటి గోడ జోలికి రారు. మనం తీస్తే మర్యాద. వాళ్ళు తీస్తే కూల్చివేత."

"మరి మీ అరుగో?" అంది కుట్టుమిషనావిడ.

"మా అరుగు మా తాతల నాటిదమ్మా," అన్నాడు గుమాస్తా. కానీ గునపం కోసం లోపలికి వెళ్ళనే వెళ్ళాడు.

కుట్టుమిషనావిడ రేకు దింపేసింది. ఇస్త్రీ ఆయన తన సిమెంటు దిమ్మను తానే పగలగొట్టుకున్నాడు. అక్క మేస్త్రీని పిలిపించింది. కట్టేటప్పుడు రేపొస్తాను, ఎల్లుండొస్తాను అని నెల తిప్పిన మేస్త్రీ, కూల్చడానికి మాత్రం పరుగెత్తుకొచ్చాడు.

కూతురు తన స్నేహితురాలితో వచ్చేసరికి సందంతా దుమ్ము. ఫోన్‌లో రికార్డింగు పెట్టి కుట్టుమిషనావిడను నవ్వుతూ అడిగింది.

"మీరూ పక్కింటివాళ్ళూ బాగా దగ్గరగా ఉంటారా అండీ?"

"అయ్యో, దగ్గరేమిటమ్మా! బోలెడు దూరం. లారీ పోతుంది, కావాలంటే చూసుకో."

"అవసరం పడితే ఒకరింటికొకరు వెళ్తుంటారా?"

"మేం గడప దాటి అంగుళం ముందుకు రాలేదు తల్లీ. వచ్చిందంతా ఆ ఇస్త్రీ ఆయనే."

"నేనా? ఆ గుమాస్తా గారిని అడగండి, ఆయన అరుగు మీద పెళ్ళి చేయొచ్చు!" అని అటునుంచి ఇస్త్రీ ఆయన అరిచాడు.

కూతురికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఈ సందులో దూరం చాలా ఎక్కువే ఉందని మాత్రం తేలింది. పెద్దమ్మ గుమ్మం దగ్గరికి వెళ్తే, ఆమె ఇటుకల కుప్ప పక్కన నిలబడి ఉంది.

"మీ పైవాళ్ళకి చెప్పమ్మా, నాది నేనే తీసేశానని."

"ఏం తీశావు పెద్దమ్మా? బాత్రూమ్ ఏది?"

"మీరు దూరం కొలవడానికొచ్చారుగా?"

"మనసుల మధ్య దూరం పెద్దమ్మా!"

పెద్దమ్మ ఆ ఇటుకల మీదే మెల్లగా కూలబడింది.

ఈ సంగతి తెలిసి అమ్మోగారు తల బాదుకుంది. "పోనీలే, మళ్ళీ కట్టించుకోవచ్చు," అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కానీ ఆ పాటికే స్నేహితురాలు తీసిన ఫోటోలు కాలేజీకి చేరాయి. మేడమ్ వాటిని చూసి కుర్చీలోంచి లేచింది.

"ప్రజలే స్వచ్ఛందంగా ఆక్రమణలు తొలగించారా? పౌర భాగస్వామ్యమంటే ఇదీ!"

"మేడమ్, అసలు జరిగింది ఏమిటంటే..."

"ఈ వినయమే నాకు నచ్చుతుంది. కూర్చో."

కాలేజీవాళ్ళు సందు మొదట్లో మైకు పెట్టించి, కౌన్సిలర్‌ను పిలిచారు. ఆయన కారు సందు చివరిదాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. దిగి అటూ ఇటూ చూసి, కారు వెళ్ళినందుకు ఆయనే ముందు ఆశ్చర్యపోయాడు.

"ఈ సందు ఇంత వెడల్పని నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు మైకులోనే. "మెయిన్ రోడ్డు మీది లారీలను ఇకనుంచి ఇటు మళ్ళిస్తాం. మిగతా వెడల్పు మేం చూసుకుంటాం. ఈ పిల్లకు గట్టిగా చప్పట్లు కొట్టండి!"

కాలేజీవాళ్ళు కొట్టారు. సందువాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత నిజమైన సర్వేవాళ్ళే నిజమైన టేపుతో వచ్చి, అక్క ముందు గది గోడ మధ్యలో ఎర్ర గీత గీసి వెళ్ళారు. అమ్మోగారు పుట్టి బుద్ధెరిగాక పడ్డ భయాల్లో అచ్చంగా నిజమైంది ఇదొక్కటే. దాంతో ఆమెకేమీ సంతోషం కలగలేదు. అక్క మాత్రం చెల్లెలితో మాటలు మానేసింది. ఫోన్ ఎత్తదు, తలుపు కొడితే పలకదు. మళ్ళీ గోడ పట్టుకుని సందు చివరికి నడుస్తోంది, లారీ వచ్చినప్పుడల్లా గోడకు అతుక్కుపోతూ.

సర్వే పని ముగించాలంటే ఆఖరుగా ఒక్కరినైనా మాట్లాడించి రమ్మంది మేడమ్. కూతురు ఒంటరిగా వెళ్ళడానికి జంకితే, అమ్మోగారు తోడొచ్చింది. అక్క గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కూతురు పక్కన చతికిలబడి ఫోన్ ముందు పెట్టింది.

"పెద్దమ్మా, ఒక్క ప్రశ్నే. ఈ వీధికి అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది?"

అక్క చాపిన కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఒక లారీ పోయింది. ఇంట్లో గిన్నెలు గలగలలాడి ఊరుకున్నాయి.

"చెప్పక్కా," అని బతిమాలింది అమ్మోగారు. "నా మీద కోపం పిల్ల మీద చూపించకు. దాని మార్కులు పోతాయి. ఏదున్నా మొహమాటం లేకుండా చెప్పెయ్."

ఇంకో లారీ పోయింది. అక్క దుమ్ము తగ్గేదాకా ఆగింది. గోడ మీది ఎర్ర గీతకేసి చూసింది, చెల్లెలికేసి చూసింది. చూసి చూసి, ఫోన్‌కి బాగా వినిపించేలా ముందుకు వంగింది.

"మీ అమ్మ."