రక్షణ పడవలు

ఒక పెద్ద అడవి ఉత్తరాన మంచు సముద్రం దాకా పోయి, ఇక ముందుకు పోలేక అక్కడే ఆగిపోయింది. ఆ ఒడ్డున నీటిపిల్లి గవరమ్మ పడవ నడిపేది. ఒడ్డు వంపు తిరిగిన చోట నీళ్ళు నిదానంగా ఉండేవి. ఎండాకాలం వచ్చిందంటే ఒక తల్లి తిమింగలం పిల్లను వెంటబెట్టుకుని ఆ వంపులోకి వచ్చేది.

లోపలి అడవుల నుంచి దుప్పులూ ఉడతలూ గొంగళ్ళు కప్పుకుని, చలికి పళ్ళు టకటకలాడించుకుంటూ తిమింగలాల్ని చూడ్డానికి వచ్చేవి. వాళ్ళు ముట్టజెప్పే దాంతోనే గవరమ్మ ఇల్లు గడిచేది. పిల్ల తిమింగలం ఆమె పడవ కింద దూరి, వీపుతో మెల్లగా ఎత్తి దింపేది. ఉడతలు కెవ్వుమనేవి.

"భయపడకండమ్మా, మావాడే," అనేది గవరమ్మ గర్వంగా.

నక్క జంబులింగం కూడా పడవలు దింపేదాకా అంతా బాగానే ఉంది. కొత్త పడవలు, కూర్చోడానికి మెత్తలు, తాగడానికి వేడివేడి కషాయం. దుప్పులన్నీ అటే పోయాయి. గవరమ్మకి కడుపు మండింది. మండదా మరి?

నేరుగా అడవి మండలికి వెళ్ళి, అధ్యక్షులు ఎలుగుబంటి భల్లయ్యగారి ముందు బావురుమంది.

"బాబూ, ఆ నక్క పడవలు చుట్టుముట్టేస్తున్నాయి. పిల్ల తిమింగలానికి ఊపిరి పీల్చుకోడానికి చోటు లేదు బాబూ!"

పచ్చి అబద్ధం. పిల్ల తిమింగలం ఆ పూట కూడా నక్క పడవల మధ్య హాయిగా గంతులేసింది. వాటిని తప్పించి తన ఒక్క పడవనే వంపులోకి పోనిస్తారని గవరమ్మ ఆశ.

భల్లయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. "పసిబిడ్డకి ఊపిరాడకపోవడమా! నేనుండగానా!" అని అక్కడికక్కడే తిమింగల రక్షణ సంఘం ప్రకటించారు. ఇకమీదట రక్షణ పడవలు తప్ప మరే పడవా తిమింగలాల దగ్గరికి పోకూడదన్నారు.

గవరమ్మ లోలోపల ఎగిరి గంతేసింది. రక్షణ పడవ తనది కాక ఇంకెవరిది?

"సంఘాన్ని నడిపించడానికి అనుభవం ఉన్నవాడు కావాలి," అన్నారు భల్లయ్యగారు. "జంబులింగానికి చాలా పడవలున్నాయి కదా."

"అయ్యో, ఫిర్యాదు అతని మీదే కదండీ!"

"అందుకేనమ్మా. తప్పెక్కడ జరుగుతుందో అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?"

"మరి నా పడవ?"

"నువ్వు ఫిర్యాదు చేసినదానివి. విచారణ అయ్యేదాకా నీ పడవ కదలకూడదు. నీకు మేలు చెయ్యడానికే ఇదంతా చేశామని రేపు మాట రాదూ?"

గవరమ్మ పడవని ఒడ్డునే తాడేసి కట్టేశారు. నక్క పడవలన్నిటికీ ఆకుపచ్చ జెండాలు లేచాయి. జంబులింగం రక్షించడానికి ముందు పడవలో వెళ్ళాడు. అతను సరిగ్గా రక్షిస్తున్నాడో లేదో చూడ్డానికి తోడేలు ఇంకో పడవలో వెళ్ళింది. ఊపిరి పరీక్షించడానికి కొంగ డాక్టరుగారు మరో పడవలో వెళ్ళి, "దగ్గరగా చూడందే ఏ సంగతీ చెప్పలేనండీ," అంటూ పిల్ల తిమింగలం నెత్తి మీదికే పోనిచ్చారు.

భల్లయ్యగారు బావమరుదులతో, తోడల్లుళ్ళతో, తేనె కేరేజీలతో ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఆకస్మిక తనిఖీ రోజూ ఉండేది. దుప్పులు మాత్రం ఊరుకుంటాయా? అవీ సంఘంలో సభ్యులై జెండాలు కట్టుకుని బయల్దేరాయి. తిమింగలాలు ఎక్కడ తల పైకెత్తినా ఏదో ఒక పడవ అడుగే తగిలేది.

ఒకనాడు కట్టేసిన పడవలో గవరమ్మ దిగాలుగా కూర్చుని ఉంటే, పక్కనే బుస్సుమని నీళ్ళు లేచాయి. తల్లి తిమింగలం. ఆ దరిదాపుల్లో పడవలు తిరగనిది అక్కడొక్కచోటే మరి. పక్కన పిల్ల రొప్పుతోంది. పడవ కిందికి దూరే ఓపిక కూడా లేదు దానికి.

"వెళ్ళిపోతున్నాం గవరమ్మా," అంది తల్లి. "వీడికి ఊపిరి పీల్చుకోడానికి చోటు లేదు."

మండలిలో గవరమ్మ ఏడ్చి చెప్పిన మాటే అది, పొల్లుపోకుండా.

"మా గోడు ఎవరైనా మండలికి చెప్పి ఉంటే ఎంత బాగుండేదో," అంది తల్లి మళ్ళీ.

చెప్పింది నేనేనమ్మా అందామనుకుంది గవరమ్మ. "పిల్లాడు జాగ్రత్తమ్మా," అని మాత్రం అంది. ఈసారి ఏడుపు నిజంగానే వచ్చింది.

తిమింగలాలు వెళ్ళిపోయాయి. మండలిలో పెద్ద సభ జరిగింది. "ఇప్పుడు ఏ తిమింగలానికీ ఏ పడవా అడ్డం రావడం లేదు. రక్షణ సంపూర్ణం!" అన్నాడు జంబులింగం. చప్పట్లు మోగాయి. ఊపిరాడని పిల్ల ఎక్కడా కనిపించలేదు కాబట్టి గవరమ్మ ఫిర్యాదు కొట్టేసి, ఆమె పడవ తాడు విప్పేశారు.

మర్నాడు ఒడ్డున ఉడతల గుంపు నిలబడి ఉంది.

"తిమింగలాలు లేవమ్మా, వెళ్ళిపోయాయి," అంది గవరమ్మ.

"అవెవరిక్కావాలి? రక్షణ పడవలు చూపించు. జెండాలూ అవీ భలే ఉంటాయటగా!"

గవరమ్మ ఖాళీ నీళ్ళకేసి చూసింది. ఇల్లు గడవాలి.

"ఎక్కండి," అంది. దారంతా పడవని కింద నుంచి ఎవరూ ఎత్తలేదు. ఉడతలు కూడా అరవలేదు.

నీతి: మండలి ముందు అబద్ధం చెప్పడానికి జంకక్కర్లేదు, వాళ్ళు దాన్ని నిజం చేసిగానీ వదలరు.