మామయ్య పట్టని విమానం

సరిగ్గా అమరే వస్తువులు కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు జాలి. పెట్టె విప్పుతారు, బిగిస్తారు, అయిపోతుంది! ఆ తర్వాత వాళ్ళ జీవితంలో ఇంకేం మిగిలిందో మీరే చెప్పండి.

నమ్మకం లేకపోతే ఒకసారి మా టేబుల్ మీదికి తొంగి చూడండి. అరచేతిలో పట్టేంత పాతకాలపు విమానం నమూనా ఉంటుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు, వాటి మధ్య సన్నటి కమ్మీలు. అసలు కిట్టు ఒక్క సీటు విమానానిది. దాన్ని రెండు సీట్లదిగా మార్చడానికి మరో కంపెనీ అమ్మే కన్వర్షన్ కిట్టు తెప్పించాను. మారేది విమానం అనుకున్నాను. మారింది నేను!

పై రెక్క ఎండలో వదిలేసిన అట్టముక్కలా వంగి వచ్చింది. వేడినీళ్ళలో ముంచి నిఘంటువు కింద పెట్టాను. ఇన్నేళ్ళకు మా నిఘంటువు ఒకరికి పనికొచ్చింది. లాభం కాదా? ముందు కమ్మీలు వెనక కమ్మీల కన్నా పొట్టివి. కాబట్టి పై రెక్క ఎప్పుడూ తలవంచి నమస్కారం పెడుతున్నట్టే ఉంటుంది. ఈ రోజుల్లో ఇంత వినయం ఎక్కడ దొరుకుతుందండీ?

ఇక సూచనల కాగితం. ఐదో బొమ్మ తర్వాత ఏడో బొమ్మ ఉంది. ఆరోది మన ఊహకు వదిలేశారు. ఊహాశక్తి పెంచుకోవడానికి జనం కోర్సుల్లో చేరుతుంటే, ఇక్కడ పెట్టెలో పెట్టి పంపిస్తున్నారు! చివర్లో 'అవసరమైన చోట, అవసరమైనంత అరగదీయండి' అని ఒకే ఒక్క వాక్యం. దేవుడు మనిషిని భూమ్మీదికి పంపేటప్పుడు కూడా ఇంతకన్నా వివరంగా చెప్పి ఉండడు.

కుటుంబ ఐక్యత సంగతి వేరే చెప్పాలా? ప్రొపెల్లర్ కిందపడితే ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద వెతికాం. చివరికి మా బావమరిది మేజోడుకు అంటుకుని వంటింట్లో దొరికింది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. అందుకని మిక్సీ వచ్చినా, మంచం వచ్చినా సూచనల కాగితం చదివి వినిపించడం నా డ్యూటీ. అచ్చేసిన కాగితానికి మా ఇంట్లో ఉన్న గౌరవం పెద్దవాళ్ళకు కూడా లేదు.

ఇంతకీ ఈ విమానం ఎందుకంటారా? మా మామయ్య కోసం. అమ్మకు తమ్ముడు. చిన్నప్పుడు, ఆకాశంలో విన్యాసాలు చేసే ఒకాయన తనను ఇలాంటి విమానంలో తిప్పాడని మామయ్య ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. "ముందు సీట్లో నేను, వెనక సీట్లో పైలట్. నేను భయపడ్డప్పుడల్లా వెనకనించి నెత్తి మీద తట్టేవాడు" అంటాడు. ఒక్కరూ నమ్మరు. నడిపేవాడు వెనకా, పిల్లాడు ముందూనా? ఆయన ఏ పెళ్ళికి వెళ్ళినా "పైలట్ గారొచ్చారు, జరగండి జరగండి" అని ఒకటే నవ్వులు. ఆదివారం ఆయనకు డెబ్భై నిండుతాయి. బంధువులందరి ముందూ రెండు సీట్ల విమానం పెట్టి ఆ నవ్వులు ఆపించాలని నా పంతం.

శనివారం సాయంత్రం ముందు సీటు ముక్క అతికించాను. మామయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ వచ్చి నిలబడ్డాడు. గోరంత బొమ్మ మనిషిని తీసి ఆ సీటులోకి దించాను.

నడుము దగ్గర ఆగిపోయాడు.

"పెద్దాయనా, ఇందులో పిల్లాడు కాదు గదా, పిల్లి కూడా పట్టదు!" అన్నాడు బావమరిది.

"కిట్టులోనే తప్పుందేమో" అన్నాను.

"కంపెనీవాళ్ళు కొలతలు చూసుకోకుండా చేస్తారా? మీరే ఎక్కడో తేడాగా అతికించుంటారు" అంది మా ఆవిడ.

"అమ్మాయ్, నేను కూర్చున్నానమ్మా. మోకాళ్ళు ఇదిగో, ఇలా పెట్టుకుని." మామయ్య కుర్చీలో కూర్చుని చూపించాడు.

"చిన్నప్పటి మాట కదా మామయ్యగారూ, బస్సేమో గుర్తు తెచ్చుకోండి" అంది మా ఆవిడ.

అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. అప్పటికే తుడిచిన కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఇల్లు నిండింది. టేబుల్ మీద విమానం, ముందు సీట్లో నడుము దాకా బయటే ఉన్న మనిషి. చూసినవాళ్ళు చూసినట్టే నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండి, అందరి ముందే కన్వర్షన్ కిట్టు కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అవునండీ, ముందు సీటు చిన్నదిగా వచ్చింది, మాకు తెలుసు" అంది కస్టమర్ కేర్ అమ్మాయి, ఎంతో హాయిగా. "దాన్ని సరిచేసే కరెక్షన్ సెట్ విడిగా అమ్ముతున్నామండీ. ఆర్డర్ తీసుకోమంటారా?"

"అది తర్వాత. అసలు విమానంలో ముందు ఎవరు కూర్చుంటారు?"

"ప్యాసింజరండీ. పైలట్ వెనక సీట్లోనే."

నవ్వులు ఆగాయి. "అరె! కంపెనీవాళ్ళే అంటున్నారంటే నిజమే!" అన్నాడు బావమరిది. మా ఆవిడ గబగబా వెళ్ళి మామయ్యకు కుర్చీ తెచ్చి వేసింది. "మీరు చెప్పింది నిజమేనన్నమాట మామయ్యగారూ!"

చూశారా పాఠకులారా, లోపమున్న కిట్టు ఎంత మేలు చేసిందో! ముక్క అమరకపోతే నా చేతులు మంచివి కావన్నారు. మామయ్య మాట ఆ ముక్కతో కలవకపోతే మామయ్యది అబద్ధమన్నారు. తెలిసి తెలిసి తప్పు ముక్క అమ్మి, దాన్ని దిద్దడానికి ఇంకో ముక్క అమ్ముతున్నవాళ్ళు మాత్రం నోరు తెరవగానే సత్యవంతులైపోయారు! వాళ్ళు విమానం ఎక్కారా? ఎక్కినవాడు ఇదే ఇంట్లో, ఇన్నేళ్ళుగా, మన పక్కనే కూర్చుని చెబుతున్నాడు కదా!

ఆ కుర్చీలో మామయ్య కూర్చోలేదు. ఫోన్ పెట్టేయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా అల్లుడూ. నేను ఎక్కానో లేదో కూడా ఆ అమ్మాయినే అడుగు."