టీచరుగారి డిక్టేషన్ డిస్కు

పది గంటలకల్లా కొత్త డ్రైవు బిగించేసి, పదింబావుకి ఆవిడ గొంతు వినాలని రిటైరైన పోస్టుమాస్టరు ప్లాను. ఆవిడంటే ఆయన భార్య, బళ్ళో టీచరు. పోయి మూడు నెలలైంది. పిల్లల కోసం రికార్డు చేసిన డిక్టేషన్ డిస్కులో తప్ప ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఇంట్లో కంప్యూటరేమో ముసలిది, దాని డిస్కు డ్రైవు ఎప్పుడో మూలపడింది. అందుకే కొత్తది కొనుక్కొచ్చి, సాయానికి బావమరిదిని పిలిచాడు. గడియారాలు బాగుచేసేవాడికి ఇదో లెక్కా!

"మొహమంటే ఫోటోల్లో ఉందిరా. గొంతే మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

బావమరిది ముక్కు తుడుచుకుని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. పోయింది ఆయనకి సొంత అక్క.

బిగించి స్విచ్చి వేశారు. కంప్యూటరు కొత్త డ్రైవుని గుర్తుపట్టలేదు సరికదా, ఇన్నేళ్ళుగా తన కడుపులోనే ఉన్న హార్డ్ డిస్కుని కూడా ఎరగనంది.

ఆ కాలం కంప్యూటర్లలో ఈ రెండూ ఒకే కేబులు మీద కాపురం చేస్తాయి. ఏది మొదటిదో, ఏది రెండోదో చెప్పడానికి ఒక్కోదాని వెనక గోరంత క్లిప్పు ఉంటుంది. ఇక్కడ రెండూ మొదటివే అయి కూర్చున్నాయి. కొత్త డ్రైవుతో వచ్చిన కాగితం ఇద్దరూ చదివారు, ఇద్దరికీ అర్థమైంది. కానీ ఏడుపు ఆపుకుంటున్న మనిషితో తప్పు జరిగిందని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. పాడు మర్యాద! ఎదుటివాడు చూడకుండా సరిచేద్దాంలే అనుకున్నారిద్దరూ.

బావ మంచినీళ్ళకి లేవగానే బావమరిది డ్రైవు క్లిప్పు మార్చాడు. బావమరిది ఫోను మాట్లాడ్డానికి వెళ్ళగానే బావ హార్డ్ డిస్కు క్లిప్పు మార్చాడు. ఇప్పుడు రెండూ రెండోవే. స్విచ్చి వేస్తే అదే నల్ల తెర. తన చెయ్యి పడే చెడిందని ఎవరికి వాళ్ళే అనుకున్నారు. గుట్టుగా ఎవరి క్లిప్పు వాళ్ళు మళ్ళీ యథాస్థానంలో పెట్టేశారు.

"కాసేపు నడుం వాల్చండి బావా."

"నాకేం గానీ, నువ్వెళ్ళి మొహం కడుక్కురా."

ఇలా నాలుగు విడతలైంది. స్క్రూలు సగం సోఫా కిందకి దొర్లాయి. మంచినీళ్ళ గ్లాసు కీబోర్డు మీద బోర్లా పడింది. లోపల డిస్కు పెట్టినా డ్రైవు ఉలకదు, పలకదు. పోస్టుమాస్టరు నేలమీద చతికిలబడి భోరుమన్నాడు.

"దాన్ని రెండోసారి పోగొట్టుకున్నానురా! నా చేతులారా!"

బావమరిది తట్టుకోలేకపోయాడు. "మీరు కాదు బావా, నేనే! మీరు లేచినప్పుడల్లా క్లిప్పు మారుస్తున్నా!"

"నువ్వా? మారుస్తున్నది నేను కదరా!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, బావమరిది ఒక్క క్లిప్పు మార్చాడు. డ్రైవు గుర్రుమని తిరిగింది. స్పీకరు గరగరలాడింది.

"పిల్లలూ, శ్రద్ధగా వినండి. ఒక్కసారే చెప్తాను, మళ్ళీ చెప్పమని అడగొద్దు."

ఇద్దరూ నిటారుగా కూర్చున్నారు. ఆవిడ ఒక వాక్యం చెప్పి, పిల్లలు రాసుకోవడానికి ఆగింది. ఆ ఖాళీలో ఆవిడ ఊపిరి వినిపించింది. పోస్టుమాస్టరు కళ్ళు తుడుచుకుని డిస్కుని మొదటికి తిప్పాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆవిడ ఆ 'ఒక్కసారే' అన్న మాట పదకొండుసార్లు చెప్పింది.